సన్న రోకలి దరువు

మా మేడ మీద వాటాలో అద్దెకుంటున్న సంధ్యారాణి గురించి చెప్పాలంటే ముందు మా ఇంట్లో సన్న రోకలి గురించి చెప్పాలి. ఆ రోకలితో నేను ఏనాడూ పిండి కొట్టలేదు. చోడవరంలో ఏ వీధికెళ్ళినా పిండిమర ఉన్నాక దాంతో పనేముంది? నాకు అది ఒక్కందుకే పనికొచ్చేది. సాయంత్రం పైనుంచి దబ్, దబ్, దబ్ అని మొదలవగానే స్టూలెక్కి, ఆ రోకలి చివరతో పైకప్పుని టకటకమని పొడిచేదాన్ని. పైన చప్పుడు ఆగేది. "సారీ పిన్నీ!" అని మెట్ల మీంచి ఒక గొంతు దిగేది. మర్నాడు మళ్ళీ మామూలే.

సంధ్యారాణిది రావికమతం దగ్గర పల్లె. చెరకు పండించే ఇంటి పిల్ల. ఇక్కడ ఒక రక్తపరీక్షల ల్యాబులో రిపోర్టులు టైపు చేస్తుంది. ముప్ఫై ఇంకా దాటలేదు. మనిషి పొట్టి, నడక గబగబా. ఆ వేళ్ళు ఖాళీగా ఉండగా నేను చూడలేదు. కూరల బండి దగ్గర నిలబడితే తక్కెడ పళ్ళెం మీద దరువు. షేర్ ఆటో ఎక్కితే ముందు సీటు కమ్మీ మీద దరువు. ఒకసారి నాకు జ్వరమొస్తే పలకరించడానికొచ్చి నా మంచం పట్టీ మీద కూడా వాయించింది. "ఒసే, నేను పోయాక వాయించుకుందువుగాని, అందాకా ఆగవే," అన్నాను. నవ్వింది గాని ఆపలేదు.

అసలు పైన ఏం చేస్తోందో చూద్దామని ఒకరోజు కోపంగానే మెట్లెక్కాను. ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది. తెర నిండా గళ్ళు, లెక్కల పుస్తకంలో కాగితంలాగా.

"ఇది హిప్‌హాప్ బీటు పిన్నీ," అంది. "ర్యాప్ అని ఉంటాది కదా, మాటల్నే పాటలాగ దంచీసేది. ఆ మాటల కింద పరిసే సాప ఇది."

ఒక్కో గడిలో చుక్క పెడితే అక్కడ ఒక చప్పుడు పడుతుందట. దబ్ అని గుండెల్లో తగిలేది కిక్. చప్పట్లా టప్ అని పేలేది స్నేర్. పైన సన్నగా టిక్ టిక్ అంటూ పోయేది హ్యాట్. మూడింటికీ మూడు వరసలు. ఎవరూ నేర్పలేదు, వీడియోలు చూసి నేర్చుకుంది. ముందు ఫోన్లో, తరవాత ల్యాప్‌టాప్‌లో. చెబుతున్నంతసేపూ కళ్ళు మెరిసిపోతున్నాయి. పొడవడానికి వెళ్ళిన నేను టీ తాగి వచ్చాను. అయినా మర్నాడు రోకలి ఎత్తాననుకోండి, అది వేరే సంగతి.

ఆమె భర్త రఘునందన్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. మంచివాడు, కాని మెడలో ఈల లేకుండా నేను అతన్ని చూడలేదు. కూరలకెళ్ళినా ఈల ఉంటుంది. పిల్లలు వరసలో బెత్తెడు అటూ ఇటూ అయితే ప్రాణం విలవిల్లాడిపోతుంది అతనికి. పెళ్ళాం చేసిన బీటు ఫోన్లో వేసుకుని స్కూలు గ్రౌండులో పిల్లల చేత కవాతు చేయించాడు. ఇంటికొచ్చి, "ఒక్క అడుగు తేడా రాలేదు పిన్నిగారూ! మా ఆవిడ బీటంటే అదీ!" అని నా ముందే మెచ్చుకున్నాడు.

సంధ్యారాణి మొహం మాడిపోయింది. "నా బీటుకి మడిసి ఊగాల, అటెన్షన్‌లో నిలబడిపోకూడదు," అని లోపలికెళ్ళిపోయింది. పాపం అతనికి తను ఏం తప్పన్నాడో అర్థం కాలేదు. నాకూ అప్పటికి కాలేదు.

అర్థమయ్యేలా చేసింది గౌతమి. సంధ్యారాణి పుట్టింటి వీధిలో పిల్ల, ఇక్కడ డిగ్రీ చదువుతోంది. మన యాసలో ర్యాప్ రాస్తుంది. విశాఖపట్నంలో బీచ్ దగ్గర కొత్తవాళ్ళ కోసం ఒక స్టేజీ కార్యక్రమం పెడుతుంటే దానికి ఎంపికైంది. బీటు లేనివాళ్ళకి వాళ్ళే ఒక రెడీమేడ్ బీటు ఇస్తారట. సొంతది ఉన్నవాళ్ళు శనివారం సాయంత్రం అయిదు లోపల పంపుకోవచ్చట. "నీది వేస్తే స్టేజీ మీద నీ పేరు సెప్తారక్కా," అంది గౌతమి. ఆ మాటతో సంధ్యారాణికి నేల మీద కాలు ఆగలేదు. ఇన్నాళ్ళూ ఆమె బీటు విన్నది ఆమె మొగుడూ, మా ఇంటి పైకప్పూ. ఇప్పుడు సముద్రం ఒడ్డున జనం వింటారు!

గౌతమి రాసింది షేర్ ఆటో గురించి. నాకు ఆ రెండు ముక్కలూ నోటికొచ్చేశాయి.

"ఆరుగురి ఆటోలో పదిమంది కూకున్నాం,
పదకొండో మడిసొస్తే ఒడిలోన సోటిచ్చాం."

ఉత్తగా చెబితే ఎంత బాగుందో! నవ్వొచ్చింది, ముద్దొచ్చింది. బీటు పెట్టేసరికి ఆ పిల్ల "పదకొండో మడిసి" దగ్గరకొచ్చి తడబడింది. మళ్ళీ మొదలెట్టింది, మళ్ళీ అక్కడే. మన ఊళ్ళల్లో మాట చివర కొంచెం సాగుతుంది కదా. ఆ సాగుడు పూర్తవకుండానే స్నేర్ టప్‌మని వచ్చి నెత్తిన పడిపోతోంది.

"అక్కా, నీ బీటు నన్ను తరుముతంది," అంది గౌతమి. "పరీక్షలో కాపీ కొడతంటే మాస్టారు ఎనకాల నిలబడినట్టుంది."

సంధ్యారాణి ఊరుకునే రకమా! ల్యాప్‌టాప్‌లో ఏదో బటన్ ఉందట. అది నొక్కితే చప్పుళ్ళన్నీ గళ్ళలోంచి కాస్త అటూ ఇటూ జరిగిపోతాయి, ఏది ఎంత జరిగేదీ దాని ఇష్టం. మనిషి వాయిస్తే తప్పులొస్తాయి కదా, ఆ తప్పులు మిషనే పెడుతుందన్నమాట. నొక్కి, బీటు పెట్టి, మా మొహాలకేసి చూసింది. నాకు సంగీతం తెలీదు. కాని తాగినవాడు మెట్లెక్కుతుంటే పక్కనున్నవాళ్ళకి ఎలా ఉంటుందో అలా ఉంది. ఇప్పుడు పడతాడా, ఇప్పుడు పడతాడా అని.

గౌతమి ప్రయత్నించింది. చివరికి మెల్లగా అంది. "అక్కా, కోపం తెచ్చుకోకు. ముందు తరిమీది. ఇప్పుడు కాళ్ళకి అడ్డం పడతంది. శనారం దాకా సూస్తాను. కుదరకపోతే ఆళ్ళ బీటే తీసుకుంటాను."

పిల్ల తప్పేం లేదు. దానికి అది మొదటి స్టేజీ. అయినా ఆ వారమంతా సంధ్యారాణికి అదే పని. బటన్ కాస్త తగ్గించి నొక్కింది, ఎక్కువ చేసి నొక్కింది. పైనుంచి రోజూ ఒక కొత్త తాగుబోతు మెట్లెక్కేవాడు. శుక్రవారం సాయంత్రం ఏ చప్పుడూ లేదు. నేను రోకలి పట్టుకుని స్టూలు పక్కన వెర్రిదానిలా నిలబడ్డాను, పొడవడానికి ఏమీ లేక.

ఆ శనివారమే మా అమ్మాయి హారతి పెళ్ళికి పసుపు దంచే ముహూర్తం. ఈ రోజుల్లో అందరూ రోట్లో రెండు కొమ్ములు వేసి, రోకలి తాకించి, ఫోటో తీసుకుని, మిగతాది మరకి పంపుతారు. మా అత్తవారింట్లో అలా కుదరదు. పెళ్ళి పసుపు మర మొహం చూడకూడదు. మొత్తం రోట్లోనే పడాలి. చీడికాడ నుంచి మా ఆడపడుచు చిన్నమ్మి వదిన దానికోసమే ముందురోజే దిగిపోయింది. వెనక పెరట్లో రోలు కడిగించి, బొట్లు పెట్టించి, రోకళ్ళకి పసుపు తాడుతో మావిడాకులు కట్టించింది. పెద్ద రోకలి ఆవిడ తీసుకుంది. దానికి కిందనున్న ఇనప పొన్నే ఒక పిల్లాడంత బరువు. సన్న రోకలి, అదే, పైకప్పు రోకలి, నా చేతికిచ్చింది. దానికి పసుపు తాడు కట్టి చూస్తే నాకే నవ్వొచ్చింది.

ఒకే రోట్లో రెండు రోకళ్ళు. ఆవిడ వేసి లేపితే నేను వెయ్యాలి, నేను లేపితే ఆవిడ వెయ్యాలి. నాకు అలవాటు తప్పిపోయింది, అయినా ఎలాగో నడుస్తోంది. ముత్తయిదువలు చుట్టూ నిలబడి వేళాకోళం ఆడుతున్నారు. సంధ్యారాణి అరుగు మీద మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని కూర్చుంది. పెళ్ళివారింట ఆ మొహమేమిటే అందామనుకుని ఊరుకున్నాను.

అప్పుడు షామియానా కుర్రాళ్ళకి పని పురమాయించి వస్తూ రఘునందన్ మమ్మల్ని చూశాడు. మా దంపుడు అతని కంటికి వరస తప్పిన కవాతులా కనిపించింది కాబోలు.

"పిన్నిగారూ, మీ ఇద్దరికీ టైమింగ్ లేదు. నేను ఈల వేస్తాను, దాని మీద కొట్టండి. వన్ అంటే పెద్దమ్మగారు, టూ అంటే మీరు!"

వద్దనే లోపలే ఈల నోట్లో పెట్టేశాడు. పీప్, పీప్, పీప్, పీప్. సమానంగా, స్కూలు గంట కొట్టినట్టు. ఈల వింటే కాళ్ళూ చేతులూ వాటంతటవే లోబడిపోతాయి, చిన్నప్పటి భయం అది. నేను టూకి వేశాను. చిన్నమ్మి వదిన బరువు రోకలి ఇంకా రోట్లోంచి లేవనే లేదు. ఖణేల్‌మని రెండూ గుద్దుకున్నాయి. నా మోచేతి దాకా జివ్వుమంది. పసుపు కొమ్ములు ఎగిరి అతని తెల్ల టీషర్టు మీద పడ్డాయి. అందరూ గొల్లున నవ్వారు, హారతి అయితే కూలబడి నవ్వింది.

"రఘూ, ఆ ఈల లోపలెట్టు బాబూ," అన్నాను. "లేకపోతే దాన్ని కూడా రోట్లో వేస్తాను!"

"ఏటి బాబూ ఈ ఈలలు!" అని చిన్నమ్మి వదిన కూడా విరుచుకుపడింది. "నా సెయ్యి లెగిసిందో లేదో ఈలకేటి తెలుస్తాది?"

నా చెయ్యి నొప్పి పుడుతుంటే, ఎవరికిద్దామా అని చూసి, అరుగు మీద కూర్చున్నదాని ఒళ్ళో రోకలి పెట్టేశాను. "లే. ఏడుపు మొహం పెట్టుకుని కూర్చుంటే పసుపు దంగదు."

సంధ్యారాణి లేచింది. చీర చెంగు దోపింది. మొదలెట్టారు. పెద్ద రోకలి దబ్. సన్న రోకలి టప్. దబ్. టప్. నాలుగు పోట్లు పడ్డాయో లేదో ఇద్దరి ఊపిరీ కలిసింది, ఉస్సు, ఉస్సు అని. చుట్టూ మాటలు తగ్గాయి. పక్కనున్నావిడ భుజం మెల్లగా ఊగుతోంది. నా తల కూడా ఊగుతోందని ఆలస్యంగా తెలిసింది.

ఉన్నట్టుండి సంధ్యారాణి రోకలి గాల్లోనే ఆపేసింది. నోరు తెరిచి అలాగే నిలబడింది.

"ఏటే గుంటా, దెయ్యం పట్టిందేటి?" అంది చిన్నమ్మి వదిన.

"పెద్దమ్మా, ఇంకోపాలి! నీ దండం పెడతాను, ఇంకోపాలి కొట్టు!"

మళ్ళీ కొట్టారు. ఈసారి సంధ్యారాణి కళ్ళు మూసుకుంది. వేళ్ళు నలిగిపోతాయేమోనని నేను ఒక అడుగు ముందుకేశాను. ఏం కాలేదు. కళ్ళు తెరిచి, పసుపు చేతుల్తో నా భుజాలు పట్టుకుని ఊపేసింది.

"పిన్నీ, నేను ఆగుతన్నాను! పెద్దమ్మ రోకలి లెగిసీదాకా రవ్వంత ఆగుతన్నాను. పతిసారీ అంతే! ఒకపాలి ఎక్కువ, ఒకపాలి తక్కువ కాదు. అలాగైతే రోకళ్ళు గుద్దీసుకోవా?"

"అయితే?"

"మడిసి తప్పులు సేస్తాడని నేను తప్పులెట్టేను పిన్నీ. తప్పు కాదది! ఎదటోళ్ళ కోసం ఆగడం! ఆ మిషన్‌కి ఎదట ఎవులున్నారు? అందుకే దానికి ఆగడం తెలీదు. నేను సెప్పాల!"

అని మెట్ల మీద పరుగు. పెళ్ళికూతురి తల్లిని, నాకు లక్ష పనులున్నాయి. కాని నా కాళ్ళు ఆమె వెనకాలే పరిగెత్తాయి. దంపుడు చిన్నమ్మి వదినకీ, మా తోడికోడలికీ అప్పజెప్పేశాను.

ల్యాప్‌టాప్ మీటల నిండా పసుపు. ముందు ఆ తాగుబోతు బటన్ తీసి పారేసింది. చప్పుళ్ళన్నీ మళ్ళీ గళ్ళలోకొచ్చి బుద్ధిగా కూర్చున్నాయి. "కిక్కు పెద్దమ్మ రోకలి. దాన్ని కదపను," అంది. తరవాత స్నేర్ చుక్కలన్నిట్నీ ఒకేసారి పట్టుకుని, గడిలోంచి కుడివైపుకి రవ్వంత జరిపింది. అన్నీ ఒకే ఎడం. హ్యాట్‌లో ఒకటి వదిలి ఒకటి జరిపి, జరిపినవాటి చప్పుడు తగ్గించింది. "సన్న రోకలి కదా, మెత్తగా పడాల," అంది.

"ఇను పిన్నీ."

విన్నాను. "నిద్రపోతోందే," అన్నాను.

కొంచెం వెనక్కి జరిపింది. "ఇప్పుడు?"

"ఇప్పుడు మీ ఆయన కవాతు."

"మద్దిలో ఉందన్నమాట!" అని గాల్లో గుద్దింది. మళ్ళీ జరిపింది, వెంట్రుకవాసి. వినిపించింది. ఎలా ఉందో చెప్పడానికి నోరు తెరిస్తే, నా కుడికాలు నన్నడక్కుండా నేల మీద తాళం వేస్తోంది. సంధ్యారాణి నా మొహం చూడలేదు, నా కాలే చూస్తోంది. చూసి ఒక్క కేక పెట్టింది. కింద పెరట్లో ముత్తయిదువలు ఏమైందోనని అరిచారు. ఒళ్ళంతా గగుర్పొడిచిందంటే నమ్మండి. అవే చప్పుళ్ళు, అదే దబ్, అదే టప్. నెలలపాటు నేను రోకలి పెట్టి పొడిచింది వీటినే. కాసింత ఆగేసరికి ప్రాణమొచ్చి కూర్చుంది!

గౌతమికి ఫోన్ చేసింది. "ఆళ్ళ బీటుకి ఒప్పేసుకున్నావేటి?" అని అడిగింది. అయిదింటికి సెబుదామనుకుంటన్నాను అందట ఆ పిల్ల. "సెప్పకు. ఆటో ఎక్కీ."

ఆటో దిగి వచ్చేసరికి నాలుగు దాటింది. ఇయర్‌ఫోన్లు వద్దంది సంధ్యారాణి, పెద్ద స్పీకరు పెట్టింది. గౌతమి మొదటి వరస అందుకుంది. ఆరుగురి ఆటోలో పదిమంది. నేను చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. పదకొండో మడిసి వచ్చాడు. "మడిసొస్తేఏ" అని మాట సాగింది. స్నేర్ ఆగింది, ఆ మాటని కూర్చోనిచ్చి, అప్పుడు మెత్తగా టప్‌మంది. గౌతమి పాట ఆపకుండానే పెద్దగా నవ్వేసింది. నవ్వుతూనే చివరిదాకా పోయింది, ఒక్క తడబాటు లేదు.

"అక్కా, ఇది తరమట్లేదు! సోటిస్తంది!"

తలుపు దగ్గర రఘునందన్ నిలబడి ఉన్నాడు, టీషర్టు మీద పసుపు మరకలతో. అలవాటు కొద్దీ అడుగులు వెయ్యబోయాడు. కుదరలేదు. మళ్ళీ వేశాడు. ఎడమ కాలు లేచింది గాని, దిగేలోపల నడుం ఎటో ఊగిపోయింది. బిక్కమొహం వేసి, "ఇదేటి సంధ్యా, నా కాలు నా మాట ఇనట్లేదు," అన్నాడు. సంధ్యారాణి పరిగెత్తుకెళ్ళి అతన్ని పసుపు చేతుల్తోనే కావలించుకుంది. నేను, గౌతమి కిటికీ వైపు తిరిగాం. అయిదు కాకముందే బీటు వెళ్ళిపోయింది.

పెళ్ళి బాగా జరిగింది. ఆ తరవాతి ఆదివారం అందరం విశాఖ బయల్దేరాం. చిన్నమ్మి వదిన చీడికాడ వెళ్ళడం మానుకుని మరీ వచ్చింది. బీచ్ దగ్గర ఎండ ఇంకా దిగలేదు. కుర్రకారు, పిల్లలూ, బఠాణీలు తింటున్నవాళ్ళూ, సెల్ఫీలు తీసుకునేవాళ్ళూ. మా ముందు పాడినవాళ్ళని సగం మంది వినడం లేదు. మైకులో పిలిచారు: "గౌతమి, రావికమతం. బీట్, సంధ్యారాణి, చోడవరం!"

చోడవరం అన్న మాట సముద్రం ఒడ్డున మోగేసరికి నేను చుట్టూ చూశాను, అందరూ విన్నారా లేదా అని.

దబ్ పడింది. టప్ కాస్త ఆగి పడింది. గౌతమి స్టేజీ మీద ఉంది, అందరూ ఆమెనే చూస్తున్నారు. సంధ్యారాణి మాత్రం స్టేజీకి వీపు పెట్టి జనాన్ని చూస్తోంది. భుజాలు చూస్తోంది, కాళ్ళు చూస్తోంది. ముందు వరసలో ఒక కుర్రాడి మెడ ఊగింది. బఠాణీల బండివాడి గరిటె ఊగింది. చంకలో పిల్లని ఎత్తుకున్న ఒక తల్లి ఒంటికాలి మీంచి రెండో కాలి మీదకి వాలింది, మళ్ళీ ఇటు వాలింది. ఒడిలోన సోటిచ్చాం అనేసరికి కొంతమంది కలిసి పాడారు. చిన్నమ్మి వదిన నా డొక్కలో పొడిచి, "ఒసే లక్ష్మీ, ఆ దబ్ నేనేనంట!" అని ఊరందరికీ వినిపించేలా చెప్పింది. పాట అయిపోగానే రఘునందన్ ఈల తీసి ఊపిరున్నంత సేపూ ఊదాడు. పోలీసాయన వెనక్కి తిరిగి చూశాడు. సంధ్యారాణి ఏడుస్తోంది, నవ్వుతోంది, రెండు చేతుల్తో నా చెయ్యి నలిపేస్తోంది.

మర్నాడు సాయంత్రం ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. హారతి అనకాపల్లి అత్తవారింటికెళ్ళిపోయింది. ఇల్లు బోసిగా ఉంది, దాచుకోవడమెందుకు, ఏడుపొచ్చేలా ఉంది. పైన సంధ్యారాణి ల్యాబు నుంచి వచ్చిన అలికిడి వినిపించింది. ఆ తరవాత ఏమీ లేదు. పెళ్ళి కూతుర్ని పంపించిన ఇల్లు కదా, పిన్నిని ఇబ్బంది పెట్టకూడదనుకుందేమో పిచ్చిది.

స్టూలు తెచ్చుకున్నాను. సన్న రోకలి అందుకున్నాను, మావిడాకులు వాడిపోయి ఇంకా దానికే ఉన్నాయి. పైకప్పు మీద టక్ అని ఒక్కసారి పొడిచాను.

"సారీ పిన్నీ! నేనేటీ పెట్టలేదే!" అని గొంతు దిగింది.

"అందుకే పొడిచానే! పెట్టు!"

గబగబా అడుగుల చప్పుడు. తరవాత పైన దబ్ అంది. నేను రోకలి ఎత్తి పట్టుకుని, రవ్వంత ఆగి, టప్ వేశాను.